పాత హై-ఫై స్పీకర్లు, ట్యూబ్ ఆంప్: ఎలా వెతకాలి, ఎలా చూసుకోవాలి, ఎలా వినాలి

ఈ పిచ్చిలోకి చాలామంది ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్) ద్వారానే వస్తారు, నేనూ అలాగే వచ్చాను. చీకట్లో నారింజ రంగులో వెలిగే గాజు బుడ్లు చూసి మనసు పారేసుకోవడం, ఆంప్ తెచ్చి ఇంట్లో ఉన్న స్పీకర్లకే తగిలించడం, "ఇదేంటి ఇంత నీరసంగా ఉంది, దీనికోసమా ఇంత హడావిడి" అని తల పట్టుకోవడం. తప్పు ఆంప్‌ది కాదు, స్పీకర్‌ది కూడా కాదు, ఆ రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టలేదు అంతే. అందుకే నేను చెప్పేది ముందే చెప్పేస్తా: ముందు స్పీకర్ ఎంచుకోండి, అది ఎలాంటి ఆంప్‌ని మనసులో పెట్టుకుని తయారైందో కనుక్కోండి, ఆ తర్వాతే ట్యూబుల జోలికి వెళ్ళండి. కింద రాసిందంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని: స్పీకర్ ఏ కాలందో చూడండి

పాత స్పీకర్ అనగానే అన్నీ ట్యూబ్‌కి సరిపోతాయి అనుకోకండి. 1940లు, 50ల్లో వాట్ అంటే చాలా ఖరీదైన సరుకు. 1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో విలియమ్‌సన్ ఆంప్లిఫయర్ డిజైన్ వచ్చింది, అప్పట్లో దాన్ని గొప్ప ఆంప్ అన్నారు, అది ఇచ్చింది ఎంతయ్యా అంటే 15 వాట్లు. 1953లో వచ్చిన క్వాడ్ 2 కూడా అంతే, 15 వాట్లు. అంత చిన్న పవర్‌తో గది నిండాలంటే భారమంతా స్పీకరే మొయ్యాలి, అందుకే పెద్ద కోన్లు (కదిలి శబ్దం పుట్టించే గరాటులు), బలమైన అయస్కాంతాలు, బాకా ఆకారపు హార్న్‌లు, బీరువాలంత పెట్టెలు. పాల్ క్లిప్ష్ గారి క్లిప్ష్‌హార్న్, ఆల్టెక్ 604, 1947లో వచ్చిన టానోయ్ డ్యుయల్ కాన్సెంట్రిక్, లౌదర్ ఫుల్‌రేంజ్‌లు, ఇవన్నీ ఆ కాలం ఆలోచనలే.

తర్వాత కథ మారింది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 స్పీకర్ తెచ్చాడు, మూసేసిన చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీసి చూపించాడు, కానీ దానికి బదులుగా సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాట్‌కి వచ్చే శబ్దం, వదులుకున్నాడు. 1958 నుంచి స్టీరియో ఎల్‌పీలు దుకాణాల్లోకి వచ్చాక ఇంట్లో ఒక బీరువా కాదు రెండు పెట్టాల్సి వచ్చింది, ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి, కాబట్టి చిన్న పెట్టెలే గెలిచాయి. చిన్న పెట్టెకి ఎక్కువ వాట్లు కావాలి, 60ల్లో ట్రాన్సిస్టర్లు ఆ వాట్లని చవగ్గా ఇచ్చాయి, ఇక ఎవరూ వెనక్కి చూడలేదు. 1967 ఏఆర్-3ఏ ఈ దారిలో వచ్చిందే, కరెంటుకి అడ్డు 4 ఓమ్‌లు, ఆకలి ఎక్కువ. మంచి స్పీకరే, కాదనను, కానీ దానికి మూడున్నర వాట్ల 2ఏ3 ట్యూబ్ ఆంప్ తగిలించడం అంటే లారీకి స్కూటర్ ఇంజన్ పెట్టినట్టు.

కాబట్టి మోడల్ పేరు వినగానే మొదట అడగాల్సింది "ఇది అరుదైనదా?" అని కాదు, "ఇది ఏ సంవత్సరంలో, ఎన్ని వాట్లు దొరికే రోజుల్లో చేశారు?" అని.

రెండో పని: రెండు అంకెలు, ఒక గీత

మొదటి అంకె సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో అది. లెక్క తేలికే, 3 డీబీ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి, 10 డీబీ పెరగాలంటే పది రెట్లు. ఇప్పుడు చూడండి, 98 డీబీ స్పీకర్‌కి 300బి ట్యూబుతో చేసిన సింగిల్ ఎండెడ్ (ఒక్క పవర్ ట్యూబే పనంతా చేసే) ఆంప్ 8 వాట్లు ఇస్తే 107 డీబీ దాకా వెళ్తుంది. అదే 107 కోసం 84 డీబీ స్పీకర్‌కి ఎన్ని వాట్లు కావాలో తెలుసా, 200. ఇరవై ఐదు రెట్లు! బ్రోషర్లో "14 డీబీ తేడా" అని చదివితే పెద్దగా ఏమీ అనిపించదు, అసలు సంగతి ఇది.

అలాగని 107తో ఎవరూ వినరు, మామూలుగా వినేది 70, 80 మధ్యలోనే, అక్కడ స్పీకర్ తాగేది వాట్‌లో చిన్న ముక్క. కానీ డోలు మీద దెబ్బ పడినప్పుడు, గాయని ఒక్కసారిగా పై స్థాయికి వెళ్ళినప్పుడు క్షణంలో 15, 20 డీబీ పైకి లేస్తుంది, ఆ క్షణం కోసమే ఈ లెక్కంతా.

నా అనుభవంలో సుమారుగా ఇలా పెట్టుకోవచ్చు: 2ఏ3, 300బి లాంటి సింగిల్ ఎండెడ్ అయితే 95 పైనే ఉండాలి, ఈఎల్84 పుష్-పుల్ (రెండు ట్యూబులు పని పంచుకునేది) 10, 15 వాట్లయితే 90 దగ్గరున్నా నడుస్తుంది, ఈఎల్34, కేటీ88 పుష్-పుల్ అయితే 87 దాకా దిగొచ్చు. దీనికీ మినహాయింపులున్నాయి. బీబీసీ వాళ్ళు చేసిన ఎల్‌ఎస్3/5ఏ చూడండి, చిన్న పెట్టె, సెన్సిటివిటీ 82, 83 మాత్రమే, కానీ ట్యూబ్ ఆంప్ వాళ్ళు ప్రాణం పెట్టే స్పీకర్ అది. ఎందుకంటే పాతదాని ఇంపెడెన్స్ (కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు) 15 ఓమ్‌లు, ఆంప్‌ని ఇబ్బంది పెట్టదు, పైగా దగ్గర కూర్చుని చిన్నగా వినడానికే అది. పెద్ద హాల్లో పెట్టి పార్టీ చేస్తానంటే మాత్రం ఏడిపిస్తుంది.

రెండో అంకె ఇంపెడెన్స్. 4, 8, 16 అని రాసి ఉంటుంది గానీ అది ఒక పేరు మాత్రమే, నిజానికి స్వరాన్ని బట్టి అది కొండలా ఎక్కి దిగుతుంది. ఆ గీత దొరికితే తప్పకుండా చూడండి. ట్రాన్సిస్టర్ ఆంప్ ఈ ఎత్తుపల్లాల్ని పెద్దగా పట్టించుకోదు, ట్యూబ్ ఆంప్ అలా కాదు, ముఖ్యంగా ఔట్‌పుట్‌ని వెనక్కి పంపి సరిచూసుకునే ఫీడ్‌బ్యాక్ లేని సింగిల్ ఎండెడ్‌కి తనలోనే రెండు మూడు ఓమ్‌ల ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఉంటుంది కాబట్టి, స్పీకర్ గీత ఎక్కడ లేస్తే అక్కడ శబ్దం కూడా కొంచెం లేస్తుంది, ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. బేస్ దగ్గర గుట్ట ఉన్న స్పీకర్‌తో బేస్ నిండుగా, ఒక్కోసారి మరీ బొద్దుగా వినిపించేది ఇందుకే, "ట్యూబ్ వెచ్చదనం" అని జనం అనేదాంట్లో సగం ఇదేనని నా అనుమానం. 1957లో వచ్చిన, కోన్ల బదులు పల్చటి పొరలతో పాడే క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌కి ఇంకో తిప్పలు ఉంది, పై స్వరాలకి పోయేకొద్దీ దాని ఇంపెడెన్స్ బాగా పడిపోతుంది, కానీ దాన్ని చేసిన పీటర్ వాకరే క్వాడ్ 2 ఆంప్ కూడా చేసిన మనిషి కాబట్టి ఆ జంట బాగా కుదిరింది. దాన్ని బలమైన ఆంప్‌తో గట్టిగా తోస్తే లోపల ప్యానెళ్ళలో మెరుపు కొట్టి పాడైపోతుంది, ఇది ఊరికే భయపెట్టడం కాదు.

మూడో పని: కాగితాలు తవ్వండి

కొనే ముందు కనీసం రెండు వారాలు చదవడానికి పెట్టండి. అసలు కంపెనీ బ్రోషర్, సర్వీస్ మాన్యువల్, ఆ కాలం పత్రికల్లో వచ్చిన టెస్ట్ రిపోర్టులు, ఈ మూడూ దొరికితే సగం పని అయిపోయినట్టే. వరల్డ్ రేడియో హిస్టరీ అనే ఆర్కైవ్‌లో వైర్‌లెస్ వరల్డ్, హై ఫిడెలిటీ, ఆడియో లాంటి పాత పత్రికలు పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు, రాత్రి ఓపెన్ చేస్తే తెల్లారిపోద్ది, జాగ్రత్త. అందులో వ్యాసాల కన్నా ప్రకటనలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఏ స్పీకర్‌ని ఏ ఆంప్ పక్కన పెట్టి ఫొటో తీశారో చూస్తే వాళ్ళ మనసులో ఉన్న జంట ఏదో తెలిసిపోతుంది కదా.

మోడల్ పేరు ఒకటే అయినా లోపలి సరుకు మారుతుంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. టానోయ్ డ్యుయల్ కాన్సెంట్రిక్‌నే తీసుకోండి, మానిటర్ బ్లాక్, సిల్వర్, రెడ్, గోల్డ్, ఆ తర్వాత 1974లో హెచ్‌పీడీ. రెడ్ దాకా 15 ఓమ్‌లు, 1967లో వచ్చిన గోల్డ్ 8 ఓమ్‌లు, ఎందుకంటే అప్పటికి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. హెచ్‌పీడీల్లో కోన్ అంచుకి ఫోమ్ వాడారు, అది కాలంతో పిండి అయిపోతుంది, గోల్డ్‌లో ఆ బెడద లేదు. ఎవరైనా "పాత టానోయ్ ఉంది" అని మెసేజ్ పెడితే మీ మొదటి ప్రశ్న అయస్కాంతం మూత ఏ రంగు అని, రెండోది వెనక లేబుల్ మీద సీరియల్ నంబర్ ఎంత అని. ఎల్‌ఎస్3/5ఏలో కూడా పాతది 15 ఓమ్‌లు, 80ల చివర్లో వచ్చింది 11 ఓమ్‌లు, క్రాసోవర్ (స్వరాల్ని బేస్ పాడే వూఫర్‌కీ, పై స్వరాలు పాడే ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) వేరు.

"అరుదు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తక్కువ చేశారు కాబట్టి అరుదు అనేది ఒక రకం, బోలెడు చేసినా ఎవరో ఒకరు కోన్లు మార్చేసి అసలైనవి మిగల్లేదు కాబట్టి అరుదు అనేది రెండో రకం, ఎవరూ కొనలేదు కాబట్టి అరుదు అనేది మూడో రకం. మూడో రకానికి కూడా మొదటి రకం ధర చెప్తారు, అక్కడే దెబ్బతింటాం.

ఆల్నికో అయస్కాంతాల మీద కూడా పెద్ద మోజు ఉంది. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసేవి అవి, 70ల చివర్లో జైర్‌లో (ఇప్పటి కాంగోలో) గొడవలు వచ్చి కోబాల్ట్ ధర చెట్టెక్కేసరికి కంపెనీలన్నీ ఫెర్రైట్‌కి మారిపోయాయి. అంటే శబ్దం బాగాలేదని మారలేదు, బాగుంటుందనీ మారలేదు, డబ్బుల కోసం మారారు. ఆల్నికో ఉంటే సంతోషం, లేదని మంచి స్పీకర్‌ని వదులుకోకండి.

నాలుగో పని: చూడ్డానికి వెళ్ళినప్పుడు

జేబులో మల్టీమీటర్, టార్చ్‌లైటు, ఒక 1.5 వోల్ట్ బ్యాటరీ, రెండు ముక్కల వైరు. ఇంతే సామాను.

ముందు గ్రిల్ తీసి కోన్ చుట్టూ అంచు చూడండి. ఫోమ్ అయితే వేలితో మెల్లగా తాకండి, మంచిదైతే మెత్తగా వంగి లేస్తుంది, చచ్చిపోయిందైతే వేలికి నల్లగా జిగురులా అంటుకుంటుంది లేదా బిస్కెట్‌లా రాలిపోతుంది. ఫోమ్ పోవడం పెద్ద రోగం కాదు, మార్చుకోవచ్చు, ధర తగ్గించి అడగడానికి కారణం దొరికినట్టే. గుడ్డ అంచు, కాగితం అంచు అయితే చాలాకాలం బతుకుతాయి. ఒక చిన్న సంగతి, జేబీఎల్ ఎల్100 లాంటి వాటిలో ముందున్న ఫోమ్ గ్రిల్ రాలిపోయి ఉంటే కంగారు పడకండి, అది అలంకారమే, లోపలి కోన్ అంచు వేరే.

తర్వాత రెండు బొటనవేళ్ళూ కోన్ మీద రెండు వైపులా సమానంగా పెట్టి, చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి, చెవి దగ్గర పెట్టి వినండి. నిశ్శబ్దంగా వెళ్ళి రావాలి. గరగరమని గీరుకున్నట్టు వినిపిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) రాసుకుంటోందన్నమాట, కాయిల్ కాలి ఉబ్బి అయినా ఉండొచ్చు, లేదా ఎప్పుడో కింద పడేసి ఆ బరువైన అయస్కాంతం పక్కకి జరిగి అయినా ఉండొచ్చు. రెండోది అయితే వదిలేసి వచ్చేయండి, బాగుచేయడం అందరి వల్లా కాదు.

మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి, 8 ఓమ్‌ల స్పీకర్ అయితే సుమారు ఐదున్నర నుంచి ఏడు మధ్య చూపిస్తుంది, 15, 16 వాటికి పది నుంచి పదమూడు. అసలు అంకె కన్నా ముఖ్యం, ఎడమదీ కుడిదీ దగ్గర దగ్గరగా ఉన్నాయా అనేది. ఇక్కడ నా మొహం పగిలిన కథ ఒకటి చెప్పాలి. ఒక జత కొన్నాను, పెట్టెలు అద్దంలా ఉన్నాయి, అమ్మినాయన "ఒరిజినల్ అండీ, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అన్నాడు, నేను మీటరు జేబులోంచి తీయడానికి మొహమాటపడ్డాను. ఇంటికి తెచ్చి వింటే గొంతు మధ్యలో నిలబడదు, కొంచెం ఎడమకి జరిగి పాడుతున్నట్టు ఉంటుంది, సర్లే గది వల్లేమో అని సోఫా జరిపా, కర్టెన్ మార్చా, ఆంప్‌లో ట్యూబులు అటు ఇటు మార్చా, మూడు వారాలు ఇదే పని. ఆఖరికి మీటరు పెడితే ఒకటి 6.1, ఇంకోటి 7.4. విప్పి చూస్తే ఒక వూఫర్‌కి ఎవరో వేరే కంపెనీ కోన్ వేశారు, డస్ట్ క్యాప్ కొంచెం పెద్దది, జిగురు గీత వంకరగా ఉంది, టార్చ్ వేసి పక్క నుంచి చూస్తే కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. అర నిమిషం పనికి మొహమాటపడి మూడు వారాలు పోగొట్టుకున్నా.

బ్యాటరీ పరీక్ష వూఫర్‌కి మాత్రమే. ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ని నల్లదానికి ఒక్క క్షణం అలా తాకించి తీసేయండి, కోన్ ముందుకి గెంతాలి. రెండు స్పీకర్లూ ఒకే వైపు గెంతితే చాలు. పాత జేబీఎల్ చాలావాటిలో కోన్ వెనక్కి వెళ్తుంది, అది లోపం కాదు, వాళ్ళ పద్ధతే అంత, తెలియక ఒకదాన్ని తిప్పేసిన మహానుభావులు ఉన్నారు. ట్వీటర్‌కీ హార్న్ డ్రైవర్‌కీ నేరుగా బ్యాటరీ పెట్టకండి.

చివరగా రెండు పెట్టెల సీరియల్ నంబర్లు దగ్గరగా ఉన్నాయా చూసుకోండి. మోనో రోజుల స్పీకర్లు ఒక్కొక్కటే అమ్మారు కాబట్టి వాటికి నంబర్లు కలవకపోవడం మామూలే, అక్కడ మాత్రం పట్టుబట్టకండి.

ఐదో పని: తెచ్చాక ఏమీ చేయకండి

నిజంగానే. ఒక నెల ఊరికే వినండి. కొత్తవాళ్ళు చేసే మొదటి పని క్రాసోవర్‌లో కెపాసిటర్లన్నీ పీకి ఖరీదైనవి వేయడం, దానివల్ల స్పీకర్ మారిపోతుంది, మంచికా చెడుకా అని చెప్పడానికి పాత శబ్దం గుర్తుండదు. ట్వీటర్ సగం నిద్రలో ఉన్నట్టు ఉంటే ముందు వెనకున్న లెవెల్ నాబ్‌ని ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి, చాలాసార్లు తుప్పు పట్టిన ఆ నాబే దొంగ, కొంచెం కాంటాక్ట్ క్లీనర్ వేస్తే ప్రాణం లేచొస్తుంది. నెల తర్వాత కూడా తేడా ఉంటే అప్పుడు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కొలిపించండి, అవి నిజంగానే వయసుకి పాడవుతాయి, అదే విలువ ఉన్నవాటితో మార్చండి. తీసినవి పారేయకుండా ఒక కవర్‌లో వేసి ఏది ఎక్కడిదో రాసి పెట్టెలోనే ఉంచండి. నూనె కారుతున్న పాత కెపాసిటర్ కనిపిస్తే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, 70ల చివరి దాకా వాటిలో కొన్నింట్లో పీసీబీలు అనే విషపు నూనె ఉండేది.

ఆల్నికో డ్రైవర్‌లో అయస్కాంతాన్ని విప్పి చూద్దామని సరదా పడకండి. దాని ఇనుప చట్రంలోంచి తీస్తే బలం పోతుంది, మళ్ళీ అయస్కాంతం ఎక్కించాల్సి వస్తుంది.

ఆరో పని: ఇప్పుడు ఆంప్

పాత ట్యూబ్ ఆంప్ కొంటున్నట్లయితే మొదటి ప్రశ్న అది ఎన్ని వోల్టులకి చేశారు అని. 100, 117 వోల్టుల దేశంలో పుట్టినదాన్ని 230 గోడకి పెడితే పొగ గ్యారంటీ. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, అది 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిందైతే 50 దగ్గర దాని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది, వెనక పలక మీద 50/60 అని రాసి ఉందా చూసుకోండి. ఏళ్ళ తరబడి మూలన పడున్న ఆంప్‌ని ఒక్కసారిగా స్విచ్ వేయకండి, లోపలి కెపాసిటర్లు చూడటం తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

లోపల 300 నుంచి 500 వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలబడి ఉంటాయి. అలవాటు లేకపోతే అడుగు పలక విప్పనే వద్దు, ఇందులో సరదా ఏమీ లేదు.

ఇంకో నియమం, దీనికి మినహాయింపు లేదు: స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ నడపకూడదు. పాట నడుస్తుండగా స్పీకర్ వైరు ఊడిపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ ఎగిరి లోపలి ఇన్సులేషన్ చీలిపోవచ్చు. ఆంప్‌లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ ట్రాన్స్‌ఫార్మరే. వైర్లు గట్టిగా బిగించండి, స్పీకర్ మార్చాలంటే ఆఫ్ చేసి మార్చండి.

ఇక వెనక స్పీకర్ వైర్లు తగిలించే చోట 4, 8, 16 అని టాప్‌లు ఉంటాయి. స్పీకర్ 8 కాబట్టి 8 దగ్గరే పెట్టాలని రాతేమీ లేదు, పైన చెప్పాను కదా, ఆ 8 అనేది పేరు మాత్రమే. 8 ఓమ్‌ల స్పీకర్‌ని 4 టాప్‌కి పెడితే ట్యూబులకి బరువు రెట్టింపు ఓమ్‌లుగా కనిపిస్తుంది, పవర్ కొంచెం తగ్గుతుంది, కానీ 2ఏ3, 300బి లాంటి ట్రయోడ్ ఆంప్‌లో డిస్టార్షన్ తగ్గి బేస్ బిగుస్తుంది. రెండు టాప్‌లూ చెరో వారం విని చూడండి, డబ్బు ఖర్చులేని ప్రయోగం. 15 ఓమ్‌ల స్పీకర్‌కి 16 టాప్ లేకపోతే 8తో నడిపించవచ్చు, భయం లేదు.

ట్యూబులు మార్చి మార్చి వినే జబ్బు అందరికీ వస్తుంది, దాన్ని చివరికి పెట్టుకోండి. పాత స్టాక్ ట్యూబుల్లో నకిలీలు బోలెడు, గాజు మీద పేరు అచ్చువేయడం పెద్ద పనా. టెలిఫంకెన్ చిన్న ట్యూబుల్లో అడుగున కాళ్ళ మధ్య గాజులోనే డైమండ్ ముద్ర ఉంటుంది, అలాంటి చెరపలేని గుర్తులు నేర్చుకోండి, పైన రాసిన పేరు నమ్మకండి. లోపల వెండి పూత పాలలా తెల్లబడితే గాలి దూరిపోయింది, అది చచ్చిపోయినట్టే. వెలుగుతున్నప్పుడు గాజు గోడ మీద నీలం కాంతి కనిపిస్తే కంగారు వద్దు, లోపలి బూడిదరంగు ప్లేట్ ఎర్రగా కాలుతుంటే మాత్రం వెంటనే ఆఫ్ చేసి బయాస్ (ట్యూబ్‌లో పారే కరెంటు సెట్టింగ్) చూపించండి.

ఒక వైపు చిటపట వస్తోందా? ఆంప్ ఆఫ్ చేసి, ట్యూబులు చల్లారాక ఎడమ కుడి చిన్న ట్యూబులు ఒకదాని చోట ఒకటి మార్చండి. చిటపట కూడా వాటితోపాటు అవతలికి వెళ్తే ట్యూబ్ దోషం. అక్కడే ఉంటే స్పీకర్ వైర్లు ఎడమవి కుడికి మార్చండి, ఇప్పుడు చిటపట వేరే స్పీకర్‌లోకి వెళ్తే ఆంప్, ఆ స్పీకర్‌లోనే ఉంటే స్పీకర్. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే మళ్ళీ మొదటికి.

ఏడో పని: పెట్టడం, కూర్చోవడం

క్లిప్ష్‌హార్న్ లాంటిదానికి గది మూల కూడా హార్న్‌లో భాగమే, మూల సరిగ్గా లేని గదిలో అది పెట్టకండి. పాత పెద్ద పెట్టెలు చాలావరకు గోడకి దగ్గరగా పెట్టేలా చేసినవే, ఇప్పటి సన్నటి స్పీకర్లలా గది మధ్యలోకి లాగితే బేస్ పల్చబడుతుంది. క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ దానికి తిరగబడ్డ కేసు, అది వెనక్కి కూడా పాడుతుంది, గోడకి దూరం కావాలి. టానోయ్, ఆల్టెక్ లాంటి కోయాక్సియల్‌లో వూఫర్ మధ్యలోంచే ట్వీటర్ పాడుతుంది కాబట్టి చెవి ఆ మధ్య బిందువు ఎత్తుకి రావాలి, కుర్చీ ఎత్తు మార్చడం అన్నిటికన్నా చవకైన అప్‌గ్రేడ్.

సర్దేటప్పుడు మోనో రికార్డింగ్‌లో ఒకే గొంతు పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల మధ్య ఒక మనిషి తలంత జాగాలో నిలబడేదాకా స్పీకర్లని లోపలికి కొద్దికొద్దిగా తిప్పండి, వేలెడంత చాలు ఒక్కోసారి. బయట వాన పడుతున్నట్టు వెడల్పుగా వినిపిస్తే ఒక దాని ప్లస్ మైనస్ తిరగబడి ఉంటుంది.

వినడం గురించి పెద్దగా చెప్పను, ఒక్కటే, సౌండ్ తగ్గించి వినండి. సెన్సిటివిటీ ఎక్కువున్న పాత స్పీకర్ గొప్పతనం రాత్రి పదకొండింటికి, పక్క గదిలో వాళ్ళు నిద్రపోతున్నప్పుడు తెలుస్తుంది, అంత చిన్న సౌండ్‌లో కూడా పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం, తబలా మీద అరచేయి జారడం వినిపిస్తుంది. ఆంప్‌కి వేడెక్కడానికి పావుగంట, అరగంట ఇవ్వండి, మొదటి పాట విని తీర్పు చెప్పకండి. అలాగని పొద్దున్నించి రాత్రిదాకా ఊరికే వెలిగించి ఉంచకండి, పవర్ ట్యూబులకి లెక్కపెట్టిన గంటలే ఉంటాయి.

ఆపేటప్పుడు వాల్యూమ్ తగ్గించి స్విచ్ తీయండి. ఒకసారి కావాలని పాట నడుస్తుండగానే తీసి చూడండి, చాలా ఆంప్‌ల్లో పాట వెంటనే ఆగదు, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు మీద కొన్ని సెకన్లు పాడుతూ, సన్నబడుతూ, కొంచెం వంకరపోతూ ఆగిపోతుంది. సరదాగా ఉంది కదా అని వెంటనే మళ్ళీ స్విచ్ వేయకండి, ట్యూబులు చల్లారేదాకా నాలుగైదు నిమిషాలు ఆగి వేయండి.